గీతల్లో రెండు వేళ్లు

జూన్ 4

అన్నయ్యకి,

నీ పంతమే నెగ్గింది. బొమ్మ పూర్తయింది. పెన్‌డ్రైవ్ ఈ ఉత్తరంతో పాటే కవర్లో పెట్టాను. నెట్‌లో పంపొచ్చు కదా అంటావు. ఆ ఫైలు బరువుకి మా ఇంటి నెట్ సగంలోనే చతికిలబడింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో మనిద్దరం మూడో మాటకే తగువు పడతాం. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

ముందు నా కడుపుమంట చెప్పుకోనీ. అమ్మ రెండు వేళ్లు పోగొట్టుకున్న మూతల ఫ్యాక్టరీకి, అదే పంచింగ్ మిషను ముందు నవ్వుతూ నిలబడ్డ ఆడమనిషి బొమ్మ వేయమన్నావు. కింద ‘జాగ్రత్తగా ఉంటే ప్రమాదం రాదు’ అని బారెడు అక్షరాలు. అంటే ప్రమాదం జరిగినవాళ్లంతా ఒళ్లు తెలియకుండా పని చేసినవాళ్లన్నమాట. ఆ రోజు మేనేజరు కూడా అందరి ముందూ ‘నీ పొరపాటుకి మేమేం చేస్తాం’ అన్నాడు. పని తొందరగా సాగాలని, చేతికి అడ్డుగా మిషను ముందుండే ఇనుప గార్డు ఊడదీయించింది మీరే కదా అని అమ్మ మొత్తుకుంటే ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇప్పుడు నాకు నమూనాగా పంపిన ఫోటోలో మాత్రం ఆ గార్డు తళతళా మెరుస్తోంది. ఎలా ఉంటే అలాగే గీసి పడేశాను. నీ ప్రింటింగ్ షాపుకి వాళ్ల పనే ఆధారమని నువ్వు గొణిగావు కాబట్టి వేశాను. సంతకం మాత్రం వేయలేదు.

ఇక పని సంగతి. మనిషి, మిషను, అక్షరాలు అన్నీ వెక్టర్ గీతలు. గోడంత పెంచినా అంచు చెదరదు. కానీ ఉత్త గీతలతో వేస్తే మనిషి అట్టముక్కలా ఉంటుంది. అందుకని మొహం, మెడ, చెయ్యి, ఆప్రాన్ బట్ట విడివిడిగా ఫోటోలు తీసి, ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో వెనక ఉన్నదంతా కత్తిరించి, రంగు సరిచేసి, తీసుకొచ్చి గీతల లోపల కూర్చాను. గీత నాది, చర్మం నిజం మనుషులది. మొహం నాతో పనిచేసే అమ్మాయిది, మిషను పిడి పట్టిన చెయ్యి మా కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడది.

ఆ ఫోటోలు ఫైలు లోపల ఉండవు, పక్కన ఉంటాయి. ఫైలు వాటిని పేరు పెట్టి పిలుచుకుంటుంది, అంతే. కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా ఒకేచోట కాపీ చెయ్యి. ఒక్కటి వదిలేసినా బొమ్మకి ఒంటి మీద తోలుండదు.

అమ్మకి ఈ పని సంగతి చెప్పకు. వదినని అడిగానను.

చెల్లి

*

జూన్ 13

చెల్లీ,

రాద్దామని కూర్చుంటే నాకు కలం కదలడం లేదు. కోపంతోనా, ఇంకెందుకా అన్నది నాకే తేలడం లేదు.

షాపు నిండా స్కూలు బ్యానర్లు. నీ ఫైలు తెరిచి, జానెడు స్క్రీను మీద ఒకసారి చూసి, బాగుందనుకుని ప్రింటుకిచ్చేశాను. నాలుగు పట్టీలుగా వచ్చింది. నా షాపులో నాలుగూ పరిచి చూసే చోటెక్కడిది? చుట్టలు చుట్టి ఫ్యాక్టరీకి తీసుకెళ్లి, క్యాంటీను గోడకి ఒక్కొక్కటే అంటించాం. మూడోది అంటించి నిచ్చెన దిగి వెనక్కి నడిచాను. తలెత్తి చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఐదు వేళ్ల గీతలూ ఉన్నాయి. మూడు వేళ్లలోనే చర్మం ఉంది. మధ్య వేలు, ఉంగరం వేలు ఖాళీ. ఆ రెండు వేళ్ల లోపలి నుంచి వెనకున్న మిషను బూడిద రంగు కనిపిస్తోంది. బొటనవేలి కింద కాలిన మచ్చ చూశాక ఇంక అనుమానమేముంది? దర్జీ ఆవిడ చెయ్యి అని నాకు కథ చెప్పి, అమ్మ చెయ్యి పెట్టావు.

నీ కసి తీర్చుకోడానికి నా షాపే దొరికిందా? నాకొక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? ఒప్పుకునేవాణ్ణో కాదో తెలియదు, కనీసం తెలిసి అంటించేవాణ్ణి. నా చేత్తో నేనే అంటించి, పనివాళ్ల ముందు బెల్లం కొట్టిన రాయిలా నిలబడాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. నిచ్చెన అక్కడే ఉంది. పట్టీ పీకేయడం చిటికెలో పని. అయినా పీకలేదు. నాలుగోది కూడా అంటించేసి వచ్చాను. ఎందుకని నన్నడగకు. మేనేజరు ఊళ్లో లేడు, వచ్చాక ఏమంటాడో. మధ్యాహ్నం మిషను దగ్గర పనిచేసే ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు తెరవకుండా ఆ గోడ ముందే నిలబడ్డారట.

అన్నయ్య

*

జూన్ 17

పెద్దమనిషి అన్నయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు నేను చదువుకుని, మూడోసారి దర్జీ ఆవిడకి చదివి వినిపించాను. గోడ మీద ఉండాల్సింది ఆవిడ చెయ్యి మరి. పనంతా మానుకుని పిడి పట్టుకు నిలబడితే నా చేతిని ఏం చేశారని ఆవిడ మూతి ముడుచుకుంది. నువ్వొకసారి ఆవిడకి సమాధానం చెప్పుకోవాలి.

నేను పెట్టలేదు. కిందటేడాది మీ ఇంటికొచ్చినప్పుడు, మిషను పిడి ఎలా పట్టుకునేదో అమ్మ చూపిస్తుంటే ఆ చేతి ఫోటో తీశాను, గుర్తుందా? వెనకదంతా కత్తిరించడం నేర్చుకుంటూ నీ షాపు కంప్యూటర్లోనే సరిచేసి అక్కడే వదిలేశాను. నా ఫోన్లో దాని చిన్న నకలొకటి ఉంది. అది చూపించే దర్జీ ఆవిడ చేత పిడిని అచ్చం అమ్మలాగే పట్టించాను, అదే కొలతకి కత్తిరించాను. కాబట్టి అమ్మ చెయ్యి ఆ గీతల్లో అతికినట్టు కూర్చుందంటే, అది నీ దగ్గరున్న ఫోటోయే. మార్చింది నువ్వే.

మార్చావు సరే, నా నెత్తిన పెడతావేం? భయమా? చిన్నప్పటి నుంచీ ఎవరేమన్నా గంగిరెద్దులా తలూపడమే నీకు తెలుసు. అమ్మని మేనేజరు ఆ మాట అన్న రోజున కూడా నువ్వు గేటు బయట చెప్పులు చూసుకుంటూ నిలబడ్డావు. అందుకే నీ ఉత్తరం చదువుతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రెండు వేళ్లూ ఖాళీగా వదిలేసి, చుట్టూ గీత మాత్రం ఉంచడం నాకు తట్టలేదు. నీకు తట్టింది. బొమ్మలు వేసేది నేనా నువ్వా అనిపించింది.

ఒప్పుకో అన్నయ్యా. నిన్ను చూసి మొదటిసారి ఛాతీ ఉబ్బించుకుని తిరుగుతున్నాను. ఇక్కడ నాతో పనిచేసేవాళ్లందరికీ మా అన్నయ్య ఇలాంటి పని చేశాడని చెప్పేశాను కూడా.

నీ చెల్లెలు

*

జూన్ 22

చెల్లీ,

దించు నన్ను, ఆ ఛాతీ మీంచి దించు. నేనూ చేయలేదు.

నీ ఉత్తరం వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని ఏం జరిగిందో తవ్వి తీశాను. నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ నేను ‘చెల్లి’ అని పెట్టుకున్న పాత ఫోల్డర్లో కాపీ చేశాను. నీ పాత పనులన్నీ అందులోనే ఉంటాయి. కాపీ చేస్తుంటే, ‘చెయ్యి’ అనే పేరుతో ఇక్కడ ఇదివరకే ఒకటుంది, దాన్ని తీసేసి కొత్తది పెట్టమంటావా అని అడిగింది. ఉన్నదాన్ని ఎందుకు పోగొట్టుకోవడం అని ‘వద్దు’ నొక్కాను. నీ ఫైలు వచ్చి ‘చెయ్యి’ అని పిలిచింది. పలికింది అమ్మ చెయ్యి. అంతే జరిగింది. కాళ్లకి, చేతులకి, మెడలకి కాళ్లు, చేతులు, మెడ అని పేర్లు పెట్టే నీ బద్ధకానికి సగం, ఏదీ పారేయలేని నా జబ్బుకి సగం వాటా వేసుకుందాం.

మేనేజరు వచ్చాడు. రోడ్డు దాటితే నా షాపే కదా, తనే దిగబడ్డాడు. ఫ్యాక్టరీని అవమానించడానికే ఇలా చేశావా అని కయ్యిమన్నాడు. బయటి నుంచి పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారట. ఈలోపు చెయ్యి మార్చి కొత్త పట్టీ అంటించాలట. జరిగింది చెప్పాను. పొరపాటైందండీ, మార్చేస్తాను అన్నాను. కాస్త చల్లబడ్డాడు.

కాబట్టి ఇంకోసారి ఆ దర్జీ ఆవిడ చెయ్యి పంపు. నీ పెన్‌డ్రైవ్ తుడిచేసి వేరే పనికి వాడేశాను. ఈసారి ఫోటో ఫైలు లోపలే కలిసిపోయేలా పెట్టే పద్ధతేదో ఉంది కదా, అలా పెట్టి పంపు. ఒక్క పట్టీతో తలనొప్పి వదిలిపోతుంది. అమ్మకింకా తెలియదు. తెలియకపోవడమే మంచిది.

అన్నయ్య

*

జూన్ 26

అన్నయ్యకి,

పంపను.

జీవితంలో మొదటిసారి ‘వద్దు’ అన్నావు, అదీ కంప్యూటర్‌తో. మనిషి ఎదురుగా వచ్చేసరికి పొరపాటైందండీ అన్నావు. ఆ మాట నీ నోట ఎలా వచ్చింది? అమ్మ చెయ్యి మిషన్లో పడ్డప్పుడు వాళ్లు అన్న మాట అదే. ఇప్పుడదే చెయ్యి గోడ మీద కనిపిస్తే నువ్వూ అదే అన్నావు. అప్పుడు అన్నది మేనేజరు, ఇప్పుడు అన్నది కన్నకొడుకు.

నేను చేయలేదు, నువ్వు చేయలేదు, నిజమే. తెలియక జరిగింది, అదీ నిజమే. కానీ ఇప్పుడు నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి దాన్ని పీకితే అది పొరపాటు కాదు. నీ చేత్తో నువ్వు చేసిన పని అవుతుంది.

దర్జీ ఆవిడ చెయ్యి నా దగ్గరే ఉంది, ఇవ్వను. ఆవిడకి కూడా సంగతంతా చెప్పాను. అలక మానేసింది. నా చెయ్యి ఇంట్లోనే ఉంచండి, ఆ గోడ మీదకి పంపొద్దు అంది. పరాయి మనిషికి ఉన్న రోషం నీకు లేదు. నీకు ఆ ఫ్యాక్టరీ పని కావాలి. కావాలంటే వాళ్లనే బొమ్మ వేసుకోమను.

అమ్మకి తెలియకపోవడమే మంచిదట. ఎవరికి మంచిది?

నీ మొండి చెల్లెలు

*

జూలై 1

చెల్లీ,

తిట్టడం అయిందా? ఇక విను. మనిద్దరం ఉత్తరాల్లో జుట్లు పట్టుకుంటుంటే అమ్మ వెళ్లి చూసొచ్చేసింది.

కూరగాయల కొట్టు దగ్గర అమ్మతో పాటు మిషను మీద పనిచేసిన పాత స్నేహితురాలు చెప్పిందట, నీ చెయ్యి మా క్యాంటీనులో ఉంది అని. అమ్మ సంచి ఇంట్లో పడేసి నేరుగా గేటు దగ్గరికి వెళ్లింది. వాచ్‌మన్ పాతవాడే, లోపలికి వదిలాడు. ఎంతసేపు నిలబడిందో ఏమో. అక్కణ్ణుంచి నా షాపుకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఏడుస్తుందనుకుని మంచినీళ్లు కూడా ముంచి పెట్టాను.

“బొమ్మ తప్పుగా ఉంది” అంది.

చెయ్యి మార్చేస్తామమ్మా, పొరపాటున వచ్చింది అని నేను నీళ్లు నమిలాను.

“చెయ్యి సరిగ్గానే ఉంది. మిషనే తప్పు. గార్డు అంత చక్కగా ఉంటే ఈ చెయ్యి ఇలా ఎందుకవుతుంది?” అంది.

తర్వాత నన్ను దులిపేసింది. నిన్ను కూడా కలిపే, నీ వాటా నీకు పంపుతున్నాను. ఆ చేతిని తనని అడక్కుండా గోడకెక్కించామట, తనని అడక్కుండానే దించడానికి చూస్తున్నామట. ఒకడు భయపడి, ఒకతి రంకెలేసి, ఇద్దరూ తనని పక్కన కూర్చోబెట్టేశామట. ఏం చెప్పమంటావు? నాకు కోపం రాలేదు, సిగ్గేసింది.

ఆవిడ చెప్పిన మార్పులు ఇవి. గార్డు ఊడదీసి పక్క గోడకి ఆనించాలి, ఆ రోజు ఎలా ఉందో అలా. ఆ నవ్వే పిల్ల ఎవరో తనకి తెలియదు, చెయ్యి తనదైతే మొహమూ తనదే ఉండాలి. మీ వదిన అమ్మ ఫోటో తీసింది, పెన్‌డ్రైవ్‌లో వేసి ఈ కవర్లో పెట్టాను. పౌడరు వద్దంటే విన్లేదు.

వేయడానికి గోడేది అంటావా? సాయంత్రానికి ఫ్యాక్టరీవాళ్లే బొమ్మ చింపి, చుట్టచుట్టి మన షాపు మెట్ల మీద పడేసి పోయారు. కొత్త పట్టీ ఎప్పుడిస్తావని వాళ్ల మనిషి అడిగితే, ఇవ్వనని చెప్పాను. పెద్ద శూరుణ్ణనుకోకు, చెప్పి లోపలికొచ్చి వెంటనే చల్లటి నీళ్లతో మొహం కడుక్కున్నాను. నా షాపు పక్కగోడ మొత్తం ఖాళీగా ఉంది. సరిగ్గా ఫ్యాక్టరీ గేటుకి ఎదురు. దానికి నేనే యజమానిని.

అన్నయ్య

*

జూలై 7

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివాక నీ మీద తిట్లన్నీ వెనక్కి తీసుకుందామనుకున్నాను. కొన్ని ఉంచుకుంటున్నాను, ముందుముందు పనికొస్తాయి.

ఫైలు పంపుతున్నాను. అమ్మ పౌడరు నాకు నరకం చూపించింది. బుగ్గల మీద చర్మమే కనపడదు, సున్నం కొట్టిన గోడే. ఆ తెలుపుని ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో కొంచెం కొంచెంగా దింపుతూ పోతే, అడుగున ముడతలు, కంటి కింద నలుపు, ముక్కు పక్కన ఆ పుట్టుమచ్చ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఇన్నేళ్లూ ఆ మొహాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. చూస్తూ చూస్తూ ఏడ్చాను, నీకు చెప్పడానికేం. మొహం చుట్టూ కొత్తగా గీతలు గీశాను. నవ్వు గీయలేదు. పెదవులు ఫోటోలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

గార్డు ఊడదీశాను. వెక్టర్‌లో అది చిటికెలో పని. పట్టుకుని పక్కకి లాగి, కాస్త వంచి, గోడకి ఆనించాను. వాళ్లకి కూడా ఇంతే తేలికగా ఊడొచ్చి ఉంటుంది. ఊడదీశాక మిషను నోరు మొత్తం తెరుచుకుంది. నమూనా ఫోటో చూసి గీసినప్పుడు నాకు ఆ మిషనంటే కోపమే తప్ప భయం ఉండేది కాదు. ఇప్పుడు చూస్తే అమ్మ రోజూ ఎక్కడ చెయ్యి పెట్టేదో తెలిసింది.

కింద అక్షరాలు తీసేయాలా అని చాలాసేపు ఆలోచించాను. తీయలేదు. ‘జాగ్రత్తగా ఉంటే ప్రమాదం రాదు’ అని అలాగే ఉంచాను. ఊడదీసిన గార్డు పక్కనే ఆ మాట చదివినవాళ్లకి, జాగ్రత్తగా ఉండాల్సింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

రెండు వేళ్లూ ఖాళీగానే ఉన్నాయి. ఈసారి చెయ్యి, మొహం, బట్ట అన్నీ ఫైలు లోపలే కలిపేశాను. నీ కంప్యూటర్ నిన్నేమీ అడగదు, నువ్వేమీ నొక్కక్కర్లేదు. మూలన నా సంతకం ఉంది. ప్రింటు కింద నీ షాపు పేరు కూడా వేస్తావా? బలవంతం లేదు.

అమ్మకి చూపించాకే ప్రింటుకివ్వు.

చెల్లి

*

జూలై 14

చెల్లీ,

అమ్మ చూసింది. పౌడరు ఏమైందని అడిగింది. తర్వాత కానివ్వమంది.

నిన్న పొద్దున్న, షిఫ్టు మారే వేళకి నాలుగు పట్టీలూ ఎక్కాయి. షాపు పేరు వేశాను, ఫోన్ నంబరుతో సహా. వదిన నిచ్చెన పట్టుకుంది. గేటులోంచి వచ్చేవాళ్లు వచ్చినట్టే ఆగిపోయారు. లోపలికి వెళ్లాల్సినవాళ్లు కూడా ఇటే తిరిగి నిలబడ్డారు. మిషను దగ్గరి ఆడవాళ్లు కొందరు రోడ్డు దాటి దగ్గరికి వచ్చి, ఆనించి ఉన్న ఆ గార్డుని ఒకరికొకరు చూపించుకున్నారు.

మేనేజరు వచ్చాడు. అరవలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, పోయినసారి కంప్యూటర్లో ఏదో తారుమారైందన్నావు, ఇదీ అలాంటిదే అయి ఉంటుంది, దించేసెయ్, మన పనులు మామూలుగా నడుస్తాయి అన్నాడు. నాకు దారి చూపిస్తున్నాడు. ఆ దారి నాకు బాగా అలవాటైనదే.

“కాదు సార్, ఇది తెలిసి వేసిందే” అన్నాను.

లోపల బ్యానర్లకి తాళ్లు కడుతున్న అమ్మ బయటికొచ్చింది. నీకు తెలుసుగా, బయట ఎక్కడికెళ్లినా ఆ చేతిని సంచి వెనకాల పెట్టుకుంటుంది. నిన్న సంచి లేదు. ఎప్పటి సంగతో ఇప్పుడెందుకమ్మా గోడకెక్కించారు అని ఆయన మెల్లగానే అడిగాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. రోడ్డు మీదున్న వాళ్ల వైపు తిరిగింది. ఆ మూడు వేళ్ల చేత్తోనే గోడ మీదున్న గార్డుని చూపించింది.

“ఆ రోజు నేను జాగ్రత్తగానే ఉన్నాను. గార్డు తీయించింది వీళ్లు” అంది.

లోపల సైరన్ కూసింది, అయినా ఎవరూ కదల్లేదు. మేనేజరు ఒక్కడే రోడ్డు దాటి గేటులోకి వెళ్లిపోయాడు. ఇక ఆ ఫ్యాక్టరీ పని మనకి రాదు. రాకపోతే రాకపోనీ, స్కూలు బ్యానర్లున్నాయి.

అమ్మ లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. అందరికీ వినపడిందా అని నన్నడిగింది.

వినపడిందమ్మా అన్నాను.

అన్నయ్య